కొయ్య ఇల్లు, ఇటుక ఇల్లు

అమెరికాలోని అలబామా రాష్ట్రమున బర్మింగ్‌హామ్ అను ఇనుము, ఉక్కు పరిశ్రమల నగరమున్నది. అచటి కాలేజ్‌విల్ పేటలోని బెతెల్ బాప్టిస్టు చర్చి 1926లో కట్టిన ఇటుక కట్టడము. దాని ప్రక్కనే పాస్టరు కుటుంబము నివసించుటకు కొయ్య ఇల్లొకటి ఉండెడిది.

ఇట్టి ఇండ్లలో బరువంతయు నిలువు కర్రల చట్రమే మోయును. పైనున్న పలకలు తొడుగు మాత్రమే. చట్రమును మేకులతో బిగింతురు. కప్పు బరువు, మనుష్యుల బరువు క్రిందికి పనిచేయును గనుక అతుకులు ఏండ్లతరబడి నిలుచును. బలము క్రిందినుండి పైకి వచ్చినచో అవే అతుకులు ఊడివచ్చును.

1956 డిసెంబరు 25 రాత్రి అట్లే జరిగినది. నగర బస్సులలో నల్లవారిని వేరుగా కూర్చుండబెట్టు నియమమును మరునాడే ధిక్కరింతుమని పాస్టరు ఫ్రెడ్ షటిల్స్‌వర్త్ ప్రకటించి యుండెను. చర్చికిని ఇంటికిని నడుమ, ఆయన పడకగది దాపున డైనమైట్ ప్రేలినది. డైనమైట్ ప్రేలినపుడు రెప్పపాటుకన్న తక్కువ కాలములో వేడి వాయువులుగా మారును. గది నేల ఎగిరిపోయెను, కప్పు కూలెను. మంచముమీదనున్న షటిల్స్‌వర్త్‌కు తలపై చిన్న దెబ్బ తప్ప వేరు గాయము లేదు! దేవుడే కాపాడెనని ఆయన చెప్పెను. క్రింద పరుపుండుట, కూలినది తేలిక కలప యగుట కూడ తోడ్పడియుండునని నా ఊహ. మరునాడు ఆయన, అనుచరులు బస్సులెక్కనే ఎక్కిరి; ఇరువదిమందికి పైగా అరెస్టయిరి.

1957లో పాత ఇంటికి బదులు ఇటుక ఇల్లు కట్టిరి. ఇటుక గోడ బరువైనది గనుక దేనినైనను తట్టుకొనునని విద్యార్థులు తలపవచ్చును. నొక్కుడు విషయమున అది నిజమే. లాగుడును మాత్రము ఇటుకల మధ్యనున్న అతుకులు ఓర్వలేవు. ప్రక్కనుండి తోసిన గోడ ఒకవైపు నొక్కుడును, రెండవవైపు లాగుడును పొందును. చీలిక ఈ రెండవవైపుననే మొదలగును. కనుక ప్రేలుడునుండి గోడకన్న దూరమే ఎక్కువ కాపాడును. దూరము పెరిగినకొలది పీడనము వడివడిగా తగ్గును.

చర్చి సభ్యులు రాత్రులు కాపలా కాయసాగిరి. 1958 జూన్ 29న చర్చి ప్రక్క కనబడిన బాంబును కావలివారు చేతులతో ఎత్తి వీధిలోనికి చేర్చి, పరుగెత్తిరి. ప్రేలుడుకు కిటికీలు పగిలినవి, చర్చి నిలిచినది. ఆ నేరము జె. బి. స్టోనర్ అను తెల్లజాతి దురభిమానిపై రుజువగుటకు 1980 వరకు పట్టినది. 2005లో చర్చిని, 1957 నాటి ఇంటిని, కావలివారు కూర్చుండిన చిన్న ఇంటిని కలిపి జాతీయ చారిత్రక స్థలముగా ప్రకటించిరి.