ఎర్రకార్డు - చరిత్ర: ఫుట్‌బాల్ రిఫరీ నిర్ణయాల మూల్యాంకనం

వ్యాససంగ్రహం:
ఫుట్‌బాల్ చరిత్రలో గోల్స్ సంఖ్య నిలిచిపోతుంది. ఆ ఫలితానికి దారితీసిన రిఫరీ నిర్ణయం మాత్రం తరచుగా వివాదంగానే మిగులుతుంది. ఎర్రకార్డు పుట్టుకను, నియమాల మార్పును, 1980 నాటి కలకత్తా, 2023 నాటి బెంగళూరు ఘటనలను, హైదరాబాదు ఫుట్‌బాల్ చరిత్రను ఆధారం చేసుకొని, రిఫరీ నిర్ణయాన్ని పరిశోధకుడు ఏ ప్రమాణాలతో అంచనా వేయాలో ఈ వ్యాసం చర్చిస్తుంది.

కీలక పదాలు: ఫుట్‌బాల్, రిఫరీ, ఎర్రకార్డు, క్రీడాచరిత్ర, హైదరాబాదు, రహీం, హకీం.

1. ఉపోద్ఘాతం:
మహాశివరాత్రి ఉత్సవాల సందర్భంగా మహానందిలో జరిగే ఎడ్ల బండలాగుడు పోటీలు నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాల వారికి సుపరిచితాలు. నిర్ణీత సమయంలో ఏ జత బండను ఎన్ని అడుగుల దూరం లాగిందో కొలిచి విజేతను ప్రకటిస్తారు. అక్కడ తీర్పుకు ఆధారం కొలత.

ఫుట్‌బాల్‌లో గోల్స్‌ను లెక్కించవచ్చు. కానీ ఒక ఆటగాడు ప్రత్యర్థి కాలిని తన్నినప్పుడు అది అజాగ్రత్తా, దుడుకుతనమా, మితిమీరిన బలప్రయోగమా అన్నది కొలతకు అందదు. నేటి నియమాల ప్రకారం మొదటిదానికి ఫ్రీకిక్ చాలు. రెండవదానికి పసుపు కార్డు, మూడవదానికి ఎర్రకార్డు చూపాలి. ఈ మూడింటి మధ్య గీతను రిఫరీ క్షణాలలో గీయాలి. కొలతకు అందని ఇటువంటి తీర్పును కొన్ని దశాబ్దాల తరువాత ఒప్పు లేదా తప్పు అని చెప్పడం ఎలా? ఈ వ్యాసం పరిశీలించే ప్రశ్న ఇదే.

2. అడిగితే చెప్పేవాడు:
ఆధునిక ఫుట్‌బాల్ తొలినాళ్లలో తగవులను ఇరుజట్ల నాయకులే తీర్చుకునేవారు. తరువాత జట్టుకొక అంపైరు వచ్చాడు. అంపైర్ల మధ్య ఏకాభిప్రాయం కుదరనప్పుడు మైదానం వెలుపల ఉన్న మూడవ వ్యక్తికి వివాదాన్ని నివేదించేవారు. 'రిఫరీ' అన్న మాటకు మూలార్థం అదే. 1891లో జరిగిన మార్పుతో రిఫరీ మైదానంలోకి వచ్చాడు, అంపైర్లు గీత పక్కకు వెళ్లి లైన్స్‌మెన్ అయ్యారు. పెనాల్టీ కిక్ కూడా ఆ సంవత్సరమే ప్రవేశించింది. అడిగితే చెప్పేవాడు అడగకుండానే తీర్పు చెప్పేవాడయ్యాడు. రిఫరీ అధికారం, ఆ అధికారంపై నిరసన రెండూ ఈ మార్పుతోనే బలపడ్డాయి.

3. ఎర్రకార్డు పుట్టుక:
1966 ప్రపంచకప్ క్వార్టర్ ఫైనల్‌లో ఇంగ్లండుపై ఆడుతున్న అర్జెంటీనా నాయకుడు ఆంటోనియో రాటిన్‌ను జర్మన్ రిఫరీ రుడాల్ఫ్ క్రైట్‌లైన్ బయటకు పంపాడు. ఇద్దరికీ ఉమ్మడి భాష లేదు. రాటిన్ చాలాసేపు మైదానం వీడలేదు. ఈ గందరగోళాన్ని గమనించిన ఆంగ్ల రిఫరీ కెన్ ఆస్టన్‌కు వీధి కూడలిలోని సిగ్నల్ దీపాల నుంచి కార్డుల ఆలోచన కలిగింది. 1970 మెక్సికో ప్రపంచకప్‌లో కార్డులు అమలులోకి వచ్చాయి. ప్రపంచకప్‌లో తొలి ఎర్రకార్డు 1974లో చిలీ ఆటగాడు కార్లోస్ కజేలీకి దక్కింది.

అనగా బహిష్కరణ శిక్ష కార్డు కంటే పాతది. కార్డు ఆ శిక్షను అందరికీ తెలిపే భాష మాత్రమే. అది నిర్ణయాన్ని స్పష్టం చేసిందే గాని, సరిదిద్దలేదు.

4. కాలబద్ధమైన నియమం:
నియమాలు మారుతూ వచ్చాయి. స్పష్టమైన గోల్ అవకాశాన్ని తన పెనాల్టీ ప్రాంతంలో ఫౌల్ చేసి అడ్డుకున్న ఆటగాడికి 2016కు ముందు ఎర్రకార్డు తప్పేది కాదు. బంతికోసం నిజంగా ప్రయత్నించి ఫౌల్ చేసినవాడికి, పెనాల్టీ ఇచ్చినప్పుడు, పసుపు కార్డు చాలునని 2016లో సవరించారు. కాబట్టి అదే ఫౌల్‌కు 2012లో చూపిన ఎర్రకార్డు సక్రమం, 2020లో చూపితే పొరపాటు. నేటి నియమంతో నాటి రిఫరీని దోషిగా నిలబెట్టడం కాలవిరుద్ధ దోషం.

5. రెండు ఘటనలు:
1980 ఆగస్టు 16న కలకత్తా ఈడెన్ గార్డెన్స్‌లో మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ తలపడ్డాయి. ఘర్షణకు దిగిన ఇద్దరు ఆటగాళ్లను రిఫరీ బయటకు పంపాక ప్రేక్షకులలో అల్లర్లు చెలరేగి 16 మంది అభిమానులు మరణించారు. ఆ విషాదాన్ని తలచుకునేటప్పుడు రిఫరీ నిర్ణయం కూడా కారణాల జాబితాలో చేరుతుంది. కాని మైదానంలో ఆటగాళ్లను శిక్షించడం రిఫరీ బాధ్యత. ప్రేక్షకుల భద్రత నిర్వాహకుల బాధ్యత. పర్యవసానం ఎంత ఘోరమైనదైనా, అది నిర్ణయం తప్పని నిరూపించదు.

2023 మార్చి 3న బెంగళూరు శ్రీకంఠీరవ స్టేడియంలో ఇండియన్ సూపర్ లీగ్ నాకౌట్ మ్యాచ్ అదనపు సమయంలో సునీల్ ఛెత్రి ఫ్రీకిక్‌ను వేగంగా తీసుకొని గోల్ చేశాడు. కేరళ బ్లాస్టర్స్ రక్షణ వరుస అప్పటికి సిద్ధపడలేదు. రిఫరీ గోల్‌ను అంగీకరించగా కేరళ జట్టు మైదానం వీడింది. భారత ఫుట్‌బాల్ సమాఖ్య క్రమశిక్షణ సంఘం ఆ జట్టుకు 4 కోట్ల రూపాయల జరిమానా విధించింది. ఫ్రీకిక్‌ను వేగంగా తీసుకోవడం నియమసమ్మతమే. ఈలకోసం ఆగమని రిఫరీ సూచించాడా లేదా అన్నదే అసలు వివాదం. జట్టు మైదానం వీడినందుకు పడిన శిక్ష ఆ ప్రశ్నకు సమాధానం కాదు. వీటిని విడివిడిగా పరిశీలించాలి.

6. హైదరాబాదు పాఠం:
సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆయన శిక్షణలోనే భారతదేశం 1951, 1962 ఆసియా క్రీడల స్వర్ణాలు సాధించింది. ఇదంతా కార్డులు లేని కాలం. కావున ఆనాటి మ్యాచ్‌ల గురించి రాస్తూ 'ఎర్రకార్డు చూశాడు' అనడం పొరపాటు, 'మైదానం నుంచి పంపబడ్డాడు' అనాలి. చిన్న పదమే అయినా అది లేని వస్తువును గతంలోకి చొప్పిస్తుంది.

రహీం కుమారుడు సయ్యద్ షాహిద్ హకీం 1960 రోమ్ ఒలింపిక్స్ భారత జట్టు సభ్యుడు. తరువాత శిక్షకుడిగా, ఫిఫా గుర్తింపు పొందిన రిఫరీగా పనిచేశాడు. 2017లో ధ్యాన్‌చంద్ పురస్కారం పొంది, 2021 ఆగస్టు 22న మరణించాడు. కార్డులు లేని మైదానంలో ఆడినవాడే కార్డులున్న మైదానంలో తీర్పు చెప్పాడు. ఒకే జీవితంలో రెండు యుగాలు కలిసిన ఇటువంటి వ్యక్తిని ఒలింపియన్‌గా స్మరించడంతో ఆగిపోతే, తీర్పు చెప్పినవారి వైపు నుంచి రాయదగిన చరిత్ర మరుగున పడుతుంది.

7. ముగింపు:
రిఫరీ నిర్ణయాన్ని అంచనా వేయడానికి మూడు ప్రశ్నలు అవసరం. ఆ రోజున అమలులో ఉన్న నియమం ఏది? రిఫరీ నిలిచిన చోటు నుంచి ఆయనకు కనిపించినదేమిటి? పర్యవసానాన్ని పక్కనపెట్టి చూస్తే నిర్ణయం నిలుస్తుందా? మొదటిదానికి ఆనాటి నియమావళి, రెండవదానికి రిఫరీ సమర్పించే మ్యాచ్ నివేదిక ఆధారాలు. మూడవదానికి పరిశోధకుని నిగ్రహమే ఆధారం. పత్రికా వార్త ఎక్కువగా ఓడిన పక్షపు ఆవేదననో, గెలిచిన పక్షపు సంబరాన్నో వినిపిస్తుంది. అందుచేత జిల్లా, కళాశాల స్థాయి పోటీలలో సైతం మ్యాచ్ నివేదికలను భద్రపరచడం క్రీడాచరిత్రకు మేలు చేస్తుంది. బండ లాగిన దూరానికి అడుగుల లెక్క సాక్ష్యం. ఎర్రకార్డుకు రిఫరీ రాసిన కారణమే సాక్ష్యం.