ప్రైవేటు సెజ్‌ల వెనక ప్రభుత్వం చెయ్యి

1639లో మద్రాసుపట్నం అనే ఊరి పక్కనున్న ఇసుక నేల మీద కోట కట్టుకొమ్మని దామర్ల వెంకటాద్రి నాయకుడు ఈస్టిండియా కంపెనీకి కౌలు రాసిచ్చాడు. కంపెనీ సరుకుకి సుంకం లేదు. నాణేలు ముద్రించుకోవచ్చు. రేవు ఆదాయంలో సగం కంపెనీకి, సగం నాయకుడికి. బదులుగా ఆయన ఆశించింది తన నేల మీద వర్తకం పెరగడం, పారశీక గుర్రాలు దిగడం. తర్వాతి కథ మనకు తెలిసిందే.

ప్రత్యేక ఆర్థిక మండళ్ల (సెజ్‌ల) మీద గొడవ రేగిన ప్రతిసారీ ఎవరో ఒకరు ఈ కంపెనీని గుర్తు చేస్తారు. ఈ పోలికతో నాకు పూర్తిగా ఏకీభావం లేదు. ఇవాళ్టి సెజ్ యజమానికి సిపాయిలు లేరు, ఫిరంగులు లేవు. కానీ ఆ కౌలులో ఇచ్చినవేమిటో చూడండి: నేల, సుంకం, పాలనాధికారం. మూడూ పాలకుడు ఇస్తేనే దొరికేవి, బజార్లో కొనగలిగినవి కావు. వెనకబడిన దేశాల్లో ప్రైవేటు సెజ్‌ల చరిత్ర అంతా ఈ మూడింటిని కంపెనీలు ఒక్కొక్కటిగా అడుగుతూ వచ్చిన చరిత్రే.

ఆధునిక కాలంలో కథ 1959లో ఐర్లండ్‌లోని షానన్ దగ్గర మొదలవుతుంది. కొత్త జెట్ విమానాలు ఇంధనం కోసం అక్కడ ఆగకుండానే అట్లాంటిక్ దాటేస్తుంటే, విమానాశ్రయం మూతపడకుండా బ్రెండన్ ఒరీగన్ అనే ఆయన దాని పక్కనే సుంకాల్లేని ఫ్యాక్టరీల పేట పెట్టించాడు. 1965లో మన కాండ్లా, ఆ మరుసటి ఏడు తైవాన్‌లో కావోష్యుంగ్ వచ్చాయి. విశాఖ దగ్గర దువ్వాడ మండలం మొదలైంది 1989లో. అన్నీ సర్కారువే. కంచె వేసింది ప్రభుత్వం, గేటు దగ్గర నిలబడ్డది కస్టమ్స్ అధికారి. లోపల కంపెనీలు అద్దెకున్నాయంతే.

కంపెనీయే కంచె వేసే పద్ధతికి తొలి ఉదాహరణగా చెప్పేది డొమినికన్ రిపబ్లిక్‌లోని లా రొమానా. అక్కడ పెద్ద చక్కెర మిల్లు ఉన్న గల్ఫ్ అండ్ వెస్టర్న్ అనే అమెరికన్ సంస్థ 1969లో సుంకాల్లేని పేటను సొంతంగా నడపడం మొదలుపెట్టింది. ఇక్కడ కంపెనీకి నేల ముందే ఉంది, అడిగింది సుంకం మినహాయింపు ఒక్కటే. ప్రపంచ బ్యాంకు నిపుణులకు ఈ పద్ధతి బాగా నచ్చింది. వాళ్ల వాదనలో బలం లేకపోలేదు. ఫిలిప్పీన్స్ ప్రభుత్వం బతాన్‌లో కొండల మధ్య, రాజధానికి దూరంగా మండలం పెట్టి, రేవుకీ రోడ్లకీ ఇళ్లకీ బోలెడు డబ్బు పోసింది, ఫలితం మాత్రం అంతంతే. మంత్రి గారి జిల్లా అనో, వెనకబడిన ప్రాంతం అనో స్థలం ఎంచితే జరిగేది ఇదే. సొంత డబ్బు పెట్టేవాడైతే రేవు ఎక్కడో, పనివాళ్లు ఎక్కడో చూసుకుంటాడు. 2008 నాటి బ్యాంకు నివేదిక లెక్కలో వర్ధమాన దేశాల్లోని 2,301 మండళ్లలో 62 శాతం ప్రైవేటువి. 1980లలో పాతిక శాతం కూడా ఉండేవి కావు.

ఈ వాదన చేసేవాళ్లందరూ చివరికి వేలు చూపించేది చైనాలోని షెంజెన్ వైపు. అక్కడ షెకౌ కథ కాస్త నిదానంగా చెప్పుకోవాలి. షెంజెన్‌కి ప్రత్యేక మండలం హోదా వచ్చింది 1980 ఆగస్టులో. అంతకు ఏడాదిన్నర ముందే, 1979 జనవరిలో, దాని పడమటి అంచునున్న షెకౌని హాంకాంగ్‌లోని చైనా మర్చంట్స్ అనే కంపెనీకి అప్పగించారు. దాని పెద్ద యువాన్ గెంగ్. ద్వీపకల్పం మొత్తం తీసుకొమ్మని పైవాళ్లు అన్నా, ఆయన ధైర్యం చాలక రెండు చదరపు కిలోమీటర్ల పైచిలుకుతో సరిపెట్టుకున్నాడని చెబుతారు. ఆ కాస్త నేల మీదే కొండ పేల్చి రేవు కట్టారు. ఎక్కువ మట్టి మోసినవాడికి ఎక్కువ కూలి అన్నారు, అప్పటి చైనాలో అది చిన్న మాట కాదు. టెండర్లు పిలిచారు, ఉద్యోగులను కాంట్రాక్టు మీద తీసుకున్నారు, 1983లో పాలకమండలికి ఎన్నికలు కూడా పెట్టారు. చైనా మర్చంట్స్ బ్యాంకు, పింగ్ ఆన్ బీమా సంస్థ పుట్టింది ఇక్కడే. కంపెనీ పట్నం నడిపితే ఎంత చురుగ్గా ఉంటుందో చూపడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

ఒక్క చిక్కు ఉంది. 1872లో పుట్టిన ఆ కంపెనీ అప్పటికి చైనా రవాణా మంత్రిత్వశాఖ సొత్తు. నేల ఇచ్చింది పార్టీ, పుచ్చుకుంది పార్టీ. ప్రయోగం చెడితే ఆ సాయంత్రమే మూసేయొచ్చు, ఏ అంతర్జాతీయ న్యాయస్థానమూ అడగదు. షెంజెన్‌ని చూపించి తమ దేశంలో నేల అడిగేవాళ్లు ఈ మాట మింగేస్తారు.

2000లో చైనా మండళ్లను చూసొచ్చిన వాణిజ్య మంత్రి మురసోలి మారన్ మనకూ సెజ్ విధానం ప్రకటించారు. 2005లో చట్టం వచ్చింది, 2006 ఫిబ్రవరి నుంచి అమలైంది. చైనా మాదిరిగా నాలుగైదు పెద్ద మండళ్లు కాకుండా, ఎవరు దరఖాస్తు పెట్టుకుంటే వాళ్లకు అనుమతి. 53వ సెక్షన్ ప్రకారం సెజ్ నేల దేశపు సుంకాల సరిహద్దుకు అవతల ఉన్నట్టు లెక్క. ఎగుమతి లాభాల మీద మొదటి అయిదేళ్లు పూర్తిగా, తర్వాతి అయిదేళ్లు సగం పన్ను మాఫీ. అభివృద్ధిదారుకీ పదేళ్ల మాఫీ. కార్మిక చట్టాలను సడలించే వీలు చట్టం ఇవ్వలేదు గానీ, సెజ్‌లను ప్రజోపయోగ సేవలుగా ప్రకటించి ముందస్తు నోటీసు లేని సమ్మెలకు తలుపు మూశారు. ఖజానాకి గండి పడుతుందని ఆర్థికశాఖ గోల పెట్టింది, ఎగుమతులు పెరుగుతాయని వాణిజ్యశాఖ సర్దిచెప్పింది.

ఈ శాఖల తగాదాలో ఎవరికీ పట్టని సంగతి నేల. బహుళ ఉత్పత్తుల సెజ్‌కి అప్పట్లో కనీసం వెయ్యి హెక్టార్లు కావాల్సి ఉండేది. లా రొమానాలో కంపెనీకి భూమి ఉంది, ఇక్కడ లేదు. రైతు దగ్గర ఉంది. కాబట్టి 1894 నాటి భూసేకరణ చట్టం బయటికొచ్చింది. ప్రజాప్రయోజనం అన్న ఒక్క మాటతో ప్రభుత్వమే సేకరించి కంపెనీ చేతిలో పెట్టింది. 2007 మార్చి 14న పశ్చిమ బెంగాల్‌లోని నందిగ్రామ్‌లో సెజ్ భూముల గొడవ మీద పోలీసు కాల్పుల్లో 14 మంది చనిపోయాక కేంద్రం ఉలిక్కిపడింది. సెజ్‌ల కోసం రాష్ట్రాలు నిర్బంధంగా భూమి సేకరించకూడదంది, అయిదు వేల హెక్టార్ల గరిష్ఠ పరిమితి పెట్టింది, కనీసం సగం నేల ఫ్యాక్టరీలకే వాడాలంది. అంతకుముందు ఆ సగం కూడా అక్కర్లేదు. మిగతా నేలలో ఇళ్లు కట్టుకోవచ్చు. గోవా ప్రభుత్వం 2007 చివర సెజ్‌లు వద్దని ప్రకటించింది. మహారాష్ట్ర రాయగఢ్‌లో రిలయన్స్ తలపెట్టిన సెజ్ మీద 2008లో 22 గ్రామాల్లో ఓటింగ్ పెట్టారు, ఫలితం మాత్రం అధికారికంగా బయటపెట్టలేదు.

సెజ్‌ల సంఖ్యలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ దేశంలోనే ముందు వరుసలో ఉండేది. మహబూబ్‌నగర్ జిల్లా పోలేపల్లిలో మందుల కంపెనీల సెజ్ కోసం తీసుకున్న వాటిలో పేదలకిచ్చిన అసైన్డ్ భూములు చాలా ఉన్నాయి. సర్కారు ఇచ్చిన భూమిని సర్కారే వెనక్కి తీసుకోవడం ఎంత తేలికో అక్కడ తేలింది. భూమి పోయిన రైతులు 2008 జడ్చర్ల ఉపఎన్నికలో తామే అభ్యర్థులుగా నిలబడ్డారు. కాకినాడ దగ్గర యు.కొత్తపల్లి, తొండంగి మండలాల్లో వేల ఎకరాలు తీసుకున్న సెజ్ ఏళ్ల తరబడి బీడుగానే ఉండి, ఒక యాజమాన్యం నుంచి ఇంకొకదానికి చేతులు మారింది. తీరాన చేపల వేటతో, సరుగుడు, జీడిమామిడి తోటలతో బతికినవాళ్లకు ఏ యాజమాన్యాన్ని అడగాలో కూడా తెలియని పరిస్థితి.

మరో పక్క తమిళనాడు సరిహద్దున సత్యవేడు దగ్గర శ్రీసిటీ ఉంది. 2008లో మొదలైన ఈ ప్రైవేటు పారిశ్రామిక పట్నంలో ఇసుజు, కోబెల్కో, ఆల్‌స్టామ్, చాక్లెట్లు చేసే మాండలీజ్ లాంటివి నిలదొక్కుకున్నాయి, వేలమందికి పని దొరికింది. ప్రైవేటు మండళ్లను సమర్థించేవాళ్లు దీన్ని చూపించడం న్యాయమే. అయితే అక్కడి పేరున్న ఫ్యాక్టరీలు చాలావరకు సెజ్ కంచె లోపల లేవు. పక్కనే దేశీయ మార్కెట్ కోసం వదిలిన భాగంలో ఉన్నాయి. చెన్నై రేవులు దగ్గర, జాతీయ రహదారి దగ్గర, నీళ్లూ కరెంటూ సిద్ధం. శ్రీసిటీని నిలబెట్టింది పన్ను మాఫీ కంటే ఇవే అని నా అభిప్రాయం.

2014లో కాగ్ లెక్క తీసింది. నోటిఫై చేసిన 45,635 హెక్టార్లలో 28,488 హెక్టార్లలోనే పని మొదలైంది. వదులుకున్న పన్నులు ఏడేళ్లలో 83 వేల కోట్ల రూపాయలకు పైనే. చెప్పిన ఉద్యోగాలకీ వచ్చిన వాటికీ పొంతనే లేదు. సెజ్ కోసమని తీసుకున్న భూమిని తాకట్టు పెట్టి అప్పు తెచ్చుకున్న అభివృద్ధిదారులూ ఉన్నారు. 2011 నుంచి కనీస ప్రత్యామ్నాయ పన్ను పడ్డాక ఉత్సాహం చల్లారింది. 2020 మార్చి తర్వాత పని మొదలుపెట్టే సంస్థలకు ఆదాయపు పన్ను మాఫీ లేదు. హైదరాబాద్ మాదాపూర్ వైపు సెజ్ హోదాతో కట్టిన ఐటీ భవనాల్లో అంతస్తులు ఖాళీ పడ్డాయి. 2023 డిసెంబరులో అంతస్తుల వారీగా హోదా వదులుకోవచ్చని నిబంధన మార్చారు.

మనదేశంలో కంపెనీలు అడిగింది నేల, సుంకం. మూడోదైన పాలనాధికారాన్ని అడిగింది హోండురాస్‌లో. అరటి కంపెనీలు రైలు మార్గాలూ రేవులూ ఏలిన దేశం అది, కాబట్టి అక్కడి జనానికి ఈ బేరం కొత్త కాదు. 2009లో ఆర్థికవేత్త పాల్ రోమర్ ఒక ఆలోచన ప్రచారంలోకి తెచ్చారు: పేద దేశం ఖాళీ నేల ఒకటి కేటాయించి, మంచి చట్టాలున్న మరో దేశం హామీతో అక్కడ కొత్త నగరం కట్టించాలి. హోండురాస్ 2011లో ఇందుకోసం రాజ్యాంగం సవరించింది. హామీదారు దేశం రాలేదు, పెట్టుబడిదారులు వచ్చారు. వాళ్లతో కుదిరిన ఒప్పందం తనకు చూపించలేదని రోమర్ 2012లో తప్పుకున్నారు. అదే ఏడు అక్టోబరులో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని కొట్టేసింది. డిసెంబరులో పార్లమెంటు రాజ్యాంగ విభాగంలోని అయిదుగురు న్యాయమూర్తుల్లో నలుగురిని తొలగించింది. అయిదో ఆయన ఆ చట్టానికి అనుకూలంగా ఓటేసినాయన, మరుసటి ఏడు అటార్నీ జనరల్ అయ్యాడు. 2013లో అదే పథకం జెడే (ZEDE) అనే పేరుతో మళ్లీ వచ్చింది.

ఆ చట్టం కింద రోవాతాన్ దీవిలో ప్రోస్పెరా అనే ప్రైవేటు మండలం మొదలైంది. అక్కడ వ్యాపారం పెట్టే సంస్థ తనకు నచ్చిన దేశపు నియంత్రణలను ఎంచుకోవచ్చు. తగాదా వస్తే తీర్చేది సొంత మధ్యవర్తిత్వ కేంద్రం, అమెరికాలోని అరిజోనా నుంచి రిటైరైన జడ్జీలు అందులో ఉన్నారు. తొమ్మిది మంది పాలకమండలిలో నలుగురిని మండలం నడిపే కంపెనీయే నియమిస్తుంది. సమర్థకుల మాటా వినాలి. లంచాలు, హత్యలు, నడవని కోర్టులు ఉన్న దేశంలో వ్యవస్థ బాగుపడే దాకా పేదవాడు ఎందుకు ఆగాలి, చిన్న చోటైనా బాగుచేసి చూపిద్దాం అంటారు. దీన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం. పక్కనే ఉన్న క్రాఫిష్ రాక్ పల్లెవాళ్ల భయం వేరు. మండలం విస్తరణకు ప్రభుత్వం భూమి సేకరించి ఇవ్వొచ్చని చట్టంలో రాసుంది. ఆ పని చేయించబోమని కంపెనీ మాటిచ్చింది. మాటను నమ్మాలా, చట్టాన్ని చూడాలా అన్నది వాళ్ల ప్రశ్న. పోలేపల్లిలో అడిగినా ఇదే అడిగేవాళ్లు.

2022 ఏప్రిల్‌లో సియోమారా కాస్ట్రో ప్రభుత్వం ఉండగా పార్లమెంటు ఆ చట్టాన్ని ఏకగ్రీవంగా రద్దు చేసింది. ఆ డిసెంబరులో ప్రోస్పెరా ప్రపంచ బ్యాంకు అనుబంధ మధ్యవర్తిత్వ కేంద్రంలో దాదాపు 1,077 కోట్ల డాలర్ల పరిహారానికి దావా వేసింది. దేశపు వార్షిక బడ్జెట్‌లో అది మూడింట రెండు వంతులు. యాభై ఏళ్ల దాకా చట్టం మారదని హామీ ఉందని కంపెనీ వాదన. 2024 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఆ మండళ్లు మొదటి నుంచీ రాజ్యాంగ విరుద్ధమే అంది.

ఒక ప్రభుత్వం ఇచ్చిన మాటకు తర్వాతి ప్రభుత్వం ఎంతవరకు కట్టుబడాలన్నది ఇవాళ ఈ చర్చలో అసలు ముడి. పెట్టుబడి పెట్టినవాడు అనుకోని మార్పుకి పరిహారం అడగడంలో తప్పేమీ లేదు. నా అభ్యంతరమల్లా, అలాంటి పరిహారం రెండో పక్కన ఎవరికీ లేకపోవడం. మన దగ్గర సెజ్ హోదా వదులుకునే కంపెనీ తాను పొందిన పన్ను, సుంకం రాయితీలను ఖజానాకి తిరిగి కట్టాలి, నేల మాత్రం దానిదే. వాడని సెజ్ భూములను తిరిగిప్పించమని ఒక రైతుల సంఘం వెళ్తే 2017లో సుప్రీంకోర్టు రాష్ట్రాలకు నోటీసులిచ్చింది. కాకినాడలో పరిహారం పుచ్చుకోకుండా పట్టుబట్టిన రైతులకు 2,180 ఎకరాలు వెనక్కివ్వాలని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2021లో నిర్ణయించింది. 2013 భూసేకరణ చట్టం ప్రకారమైతే అయిదేళ్లు వాడని భూమి పాత యజమానికి గానీ, ప్రభుత్వ భూనిధికి గానీ చేరాలి. సెజ్‌ల జోరులో తీసుకున్న భూములు చాలావరకు 1894 చట్టం కింద పోయినవి. అందులో తిరిగివ్వడం అనే నిబంధనే లేదు.