ఓరుగంటి వీథులు: క్రీడాభిరామమున ఒక నగర సంచారము

దశరూపకములలో వీథి యొకటి. అది ఏకాంకము. పాత్రములు ఒకటిగాని రెండుగాని యుండును. శృంగారము అందు సూచ్యముగా నడచును. రంగమున లేనివారితో పాత్రములు ఆకాశభాషితములుగా మాటలాడుచుందురు. ఈ లక్షణమునకు ప్రాచీనాంధ్ర వాఙ్మయమున మనకు దక్కిన లక్ష్యము క్రీడాభిరామ మొక్కటియే. వీథి యను మాటకు తెరువనియు నర్థము కలదు. ఈ గ్రంథమున ఆ రెండర్థములును కలిసిపోయినవి. గోవిందమంచనశర్మయు, అతని చెలికాడు టిట్టిభసెట్టియు తెల్లవాఱినది మొదలు రాత్రి పడువఱకు ఓరుగంటి వీథులలో తిరుగుట తప్ప ఇందు వేఱు కథ లేదు. ఒకడు చూపును, ఒకడు చూచును. ఒకడు అడుగును, ఒకడు చెప్పును. క్రొత్త యూరికి వచ్చిన వానిని వెంట దీసికొని పోయి వింతలు చూపు నేటి నగరదర్శకుని పని యేమో ఈ ఇరువురును అదియే చేయుచున్నారు. 2002లో వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ పండితులు దీనిని ఆంగ్లమున వెలువరించుచు, ప్రేమికునికి ఓరుగంటిని చూపు పుస్తక మను నర్థము వచ్చునట్లు పేరు పెట్టిరి. ఆ పేరు తగినదే.

మేమీ గ్రంథమును చాల యేండ్లుగా పాఠము చెప్పుచున్నాము. చెప్పిన ప్రతిసారియు ఒక సంశయము మమ్ము వెంటాడినది. కాకతీయుల కాలపు జనజీవనమును గూర్చి వ్రాయువారందఱును ఈ గ్రంథమును కన్నులార చూచినవాని సాక్ష్యముగా గైకొందురు. సురవరము ప్రతాపరెడ్డిగారి ఆంధ్రుల సాంఘిక చరిత్రమునుండి నేటి పాఠ్యపుస్తకముల వఱకు ఇదియే వాడుక. ఆ సాక్షి నిజముగా ఆ వీథులలో నడచినవాడేనా?

కాలమును చూతము. ఓరుగల్లు 1323లో ఢిల్లీ సేనల వశమైనది. ప్రతాపరుద్రుడు బందీగా పోవుచు నర్మదాతీరమున మరణించినట్లు విలసతామ్రశాసనము చెప్పుచున్నది. నగరమునకు సుల్తానుపూరని పేరు మాఱినది. పిదప ముసునూరి కాపయనాయకుడు దానిని మరల గైకొనెను. అటుపిమ్మట అది రేచర్ల వెలమదొరల చేతులలోనికి, పదునైదవ శతాబ్దపు మొదటి భాగమున బహమనీల చేతులలోనికి పోయినది. క్రీడాభిరామ కర్తయగు వినుకొండ వల్లభరాయడు మోపూరి భైరవుని భక్తుడు. మోపూరు నేటి కడప సీమలోనిది. అతడు వ్రాయునాటికి ప్రతాపరుద్రుని ఓరుగల్లు వృద్ధుల మాటలలో తప్ప లేదు. ఈ కృతి శ్రీనాథునిదే యని వేటూరి ప్రభాకరశాస్త్రిగారు పట్టుదలతో వాదించిరి. ఆ వాదము నంగీకరించినను కాలపు దూరము తగ్గదు. కర్త యెవడైనను, ఆతడు పతనమైన నగరమును పతనము కానట్లే వర్ణించెను. గ్రంథమున ఎక్కడను నిట్టూర్పు లేదు, శిథిలము లేదు, తురుష్కుని ప్రసక్తితో వచ్చు దుఃఖము లేదు. ప్రతాపరుద్రుడు ఇంకను సింహాసనమున నున్నట్లే వీథులు కళకళలాడుచున్నవి.

దీనికి సమాధానముగా ఒకటి చెప్పవచ్చును. క్రీడాభిరామమునకు మూలము రావిపాటి త్రిపురాంతకుని సంస్కృత ప్రేమాభిరామము. ఆ మూలము మనకు దక్కలేదు. నగరమును నడచి చూచిన కన్నులు మూలకర్తవై, వల్లభరాయడు వానిని తెలుగున నిలిపెనని కొందఱందురు. కావచ్చును. కాని మూలము పోయినపుడు ఏ పద్యము చూచినవానిదో, ఏ పద్యము విన్నవానిదో విడదీయుట సాధ్యము కాదు. అందుచేత గ్రంథము నంతటిని ఒక్క తూనికతో తూచక, ఏ భాగమునకు ఎంత నమ్మకము చెల్లునో వేఱువేఱుగా చూడవలెను. మేము రెండు ఘట్టములను మాత్రమే గైకొందుము. ఒకటి గోడలమీది బొమ్మలది, రెండవది పూటకూటియింటిది. నేటి నగరములలో సాయంకాలపు షికారునకు పోవువారు చూడగోరునవియు ఈ రెండే కదా, గోడలమీది చిత్రములును, కూర్చుండి తిని త్రాగుటకు చిన్న దుకాణములును!

మొదట చిత్రముల సంగతి. మాచల్దేవి ప్రతాపరుద్రునికి ప్రియురాలైన వేశ్య. ఆమె చిత్రశాలను మిత్రులిరువురును చూతురు. అక్కడ దారువనమున మునిపత్నులను మోహపెట్టిన శివుడు, గోపికల నడుమ కృష్ణుడు, తారాచంద్రులు, మేనకావిశ్వామిత్రులు చిత్రింపబడి యున్నారు. మేము తొలుత ఈ ఘట్టమును నమ్మలేదు. శృంగారకావ్యమున ఇట్టి పౌరాణిక ప్రసంగములు వరుసగా పేర్చుట కవులకు అలవాటు. ఆ వరుస గోడమీదిది గాక కవి మనస్సులోనిదే యని తలచితిమి.

మరల మరల చదివిన పిదప మా యభిప్రాయము మాఱినది. ఆ బొమ్మలలోని వారెవరు? తపస్సు చేయుచు జాఱినవాడు, గురుపత్నిని కోరినవాడు, పరుల ఇల్లాండ్రను మోహపెట్టినవాడు, అందఱును దేవతలో ఋషులో. ఈ ఎంపికలో కేవలము అలంకారము లేదు, ఒక వాదము కలదు. వేశ్యవాటికలో ఇల్లు కట్టుకొనిన స్త్రీ తన గుమ్మము త్రొక్కువారికి గోడలతో చెప్పుచున్న మాట యది: మీకంటె పెద్దలు మీకంటె ముందే ఈ త్రోవను నడచిరి, సిగ్గుపడకుడు! కావ్యసంప్రదాయమే యైనచో రామాయణ భారత కథలును వచ్చియుండవలెను, రాలేదు. ఆ యింటికి తగిన బొమ్మలే ఆ యింట నున్నవి. అందుచేత ప్రతి చిత్రమును ఉన్నదున్నట్లుగా నమ్మకపోయినను, ఓరుగంటి వేశ్యాగృహముల గోడలు ఇట్టి బొమ్మలతో నిండి యుండెడివనుట నమ్మదగినదనియే ఇప్పుడు మా యెఱుక.

ఆ బొమ్మలలో ఒక్కటియు మిగులలేదు. కాకతీయుల కాలపు వర్ణచిత్రములలో మనకు కనబడునవి దేవాలయములలోని కొలది జాడలు మాత్రమే. పిల్లలమఱ్ఱి గుడిలోని క్షీరసాగరమథన చిత్రము అట్టిది. ఇండ్ల గోడలు మట్టివి, వాని సున్నపుపూత వానలకు నిలుచునది కాదు. పైగా నగరమే పలుమాఱులు చేతులు మాఱినది. గుడికి కట్టిన ఱాయి నిలిచినది, వీథికి పూసిన రంగు పోయినది. లేపాక్షి చిత్రములు మనకు చాల గర్వకారణములు, కాని అవి రెండు శతాబ్దముల తరువాతివి, గుడి కప్పులమీదివి. వీథిలో పోవువాడు తలయెత్తి చూచిన గోడ యెట్లుండెనో తెలిసికొనుటకు ఈ చిన్న పుస్తకము తప్ప మనకు దారి లేదు.

ఇక పూటకూటియిల్లు. లక్ష్మణవజ్ఝల యింట ఒక్క రూక యిచ్చినచో ఏమేమి వడ్డింతురో కవి ఒక్క పద్యమున జాబితా యిచ్చెను. కప్పురభోగి బియ్యపు అన్నము, గోధుమపిండి వంటకము, గుప్పెడు పంచదార, అప్పుడు కాచిన ఆవునేయి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు నంజుళ్ళు, గడ్డకట్టిన క్రొత్త పెరుగు! విద్యార్థులకు ఈ పద్యము వెంటనే కంఠస్థమగును. కారణము చెప్పనక్కఱలేదు, ఇది మధ్యాహ్నపు గంటకు ముందు చెప్పు పాఠము.

మాకు అందు ముఖ్యముగా తోచునది భోజనము కాదు, వెల. మన ఆలంకారికులు ప్రబంధమునకు అష్టాదశవర్ణనలు విధించిరి. వానిలో నగరమును కలదు, మధుపానమును కలదు. ఆ నియమమున కావ్యములలో పానగోష్ఠులకు కొదవలేదు. పాత్రలు బంగారువి, మధువు ద్రాక్షది, త్రాగువారి కన్నులు కెందామరలు. కాని ఆ మధువునకు ఎవడును డబ్బిచ్చినట్లు మే మెక్కడను చదువలేదు. క్రీడాభిరామమున రూక యిచ్చి తినుచున్నారు. వండువాని పేరు కలదు, ఇంటి జాడ కలదు. వజ్ఝల యను మాట ఉపాధ్యాయ శబ్దభవము గనుక ఆ యిల్లు బ్రాహ్మణునిదని తెలియుచున్నది. బ్రాహ్మణుడు అన్నమును విక్రయించుట ధర్మశాస్త్రములకు సమ్మతము కాకున్నను, రాజధానిలో అది బహిరంగముగా జరుగుచున్నది, కవికి అందు వింత యేమియు లేదు. ఇట్టి సంగతిని సంప్రదాయము కవికి అందింపదు. కల్పించుటకు కారణమును కనబడదు. కనుక చిత్రశాలకంటెను ఈ ఘట్టమునకు మేము ఎక్కువ తూనిక నిత్తుము. ఎటొచ్చి ఆ రూక ప్రతాపరుద్రుని నాటిదో, వల్లభరాయని నాటిదో తేల్చుకొనక, దానినిబట్టి కాకతీయుల కాలపు ధరలను లెక్కకట్టుట మాత్రము తగదు.

పూటకూటియిల్లున్నచోట పరదేశి కలడు. తన యూరిలో, తన యింట తినువానికి దానితో పని లేదు. 1244 ప్రాంతమున గణపతిదేవుడు మోటుపల్లి రేవున సముద్రవర్తకులకు అభయశాసనము వేయించెను. ఆ రేవున దిగిన సరకునకును, సరకు వెంట వచ్చిన మనుష్యునకును రాజధాని యొక గమ్యము. అట్టివారు పూటపూటకు రూక లెక్కించి తినియుందురు. శాసనము రాజు మాట చెప్పినది, ఈ పద్యము వచ్చినవాని విస్తరి చూపినది.

ఇంకను చూపవలసినవి చాల కలవు. కోడిపందెములు, పొట్టేళ్ళ పోరు, పాములవారు, జక్కుల పురంధ్రి పాట, పల్నాటి వీరకథను గానము చేయు స్త్రీ. వీనిని గూర్చి ఇతరులు విపులముగా వ్రాసిరి గనుక మేము విడుచుచున్నాము.

ఒక్క పోలిక మాత్రము చెప్పక తీఱదు. ఈ నగరమును గూర్చి ఆ కాలముననే మఱి యిరువురు వ్రాసిరి. విద్యానాథుడు ప్రతాపరుద్రుని ఆస్థానమున నుండి ప్రతాపరుద్రీయమను అలంకారశాస్త్రమును రచించెను. అందు ఉదాహరణ లన్నిటికిని రాజే నాయకుడు. ఎంత చదివినను ఒక్క సందు పేరు తెలియదు. అమీర్ ఖుస్రో 1310 నాటి ముట్టడిని పారసీకమున వర్ణించుచు ఓరుగంటి మట్టికోట ఉక్కుబల్లెమునకును లొంగనంత గట్టిదని మెచ్చెను. అతడు శత్రుపక్షపు కవి, గోడను వెలుపలినుండియే చూపగలిగెను. ఒకరు సింహాసనమును, ఒకరు కోటగోడను చూపిరి. ఆ రెంటి నడుమనున్న వీథిని చూపినవాడు, నగరము పోయిన పిదప, దూరమున నెక్కడనో భైరవుని గుడి నీడన కూర్చుండి వ్రాసినవాడు.

గత మాఘమాసమున ఒక సాయంకాలము మేము విద్యార్థులను కొందఱిని వెంటబెట్టుకొని, చేత పుస్తకము పట్టుకొని, ఆ కోటలో నడిచితిమి. తూర్పు ద్వారమున లోనికి పోయి, ఱాతిగోడను దాటి, స్వయంభూదేవుని గుడి శిథిలముల యొద్దకు చేరుసరికి ప్రొద్దు వాలినది. నలుదిక్కుల నాలుగు కీర్తితోరణములు నిలిచియున్నవి. వాని నడుమ గుడి లేదు, విఱిగిన స్తంభములును, చూరుల ముక్కలును వరుసగా పేర్చియున్నవి. పడమట తరువాతి కాలపు ఖుష్‌మహలు. విద్యార్థులలో ఒకతె వేశ్యవాటిక ఏ దిక్కున నుండెనని యడిగినది. గ్రంథమునుబట్టి వీథుల వరుసను గీయుటకు మేము లోగడ ప్రయత్నించితిమి. కాగితముమీద కొంత కుదిరినది, ఆ నేలమీద నిలువబడి చూడగా ఏమియు కుదురలేదు. ఆ మాటనే ఆమెతో చెప్పితిమి.

కోటలోపల నేటికిని ఊరు కలదు. ఇండ్లు, పొలములు, బడి, గుళ్ళు, అన్నియు ఆ పాత ప్రాకారముల నడుమనే. ఒకానొక యింటి ముందఱిగోడమీద ఎవరో రంగులతో తోరణమును, దాని క్రింద బతుకమ్మ నాడు స్త్రీలను చిత్రించియున్నారు. గీత మోటుగా నున్నను రంగులు బాగుగానే యున్నవి. పిల్లలు ఆ తోరణమునకు ఎదుట అసలు తోరణమును చూచి, బొమ్మలో హంసలు ఎన్ని తక్కువైనవో లెక్కించుకొనుచు నవ్విరి.

చీకటి పడినది. అందఱికిని ఆకలియైనది. మూలనున్న చిన్న హోటలులో బల్లలు నాలుగే, మేము పండ్రెండుగురము. హోటలు పెద్దమ్మ మమ్ము చూచి, లోపల చోటు చాలదనియు, అరుగుమీద కూర్చుండుడనియు చెప్పి, దోసెలు అక్కడికే పంపినది. అరుగు వెనుకనున్న గోడమీద ఇడ్లీ, దోసె, ఉప్మా, చాయ, ఒక్కొక్కదాని వెల నీలిరంగుతో పెద్ద యక్షరములలో వ్రాసి యున్నది. రెండుచోట్ల పాత వెలను కొట్టివేసి ప్రక్కన క్రొత్త వెల వేసినారు. మా వెంటనున్న పిల్లవాడొకడు దోసె తినుట ఆపి, కొట్టివేసిన అంకెలతో సహా ఆ పట్టిక నంతటిని తన నోటుపుస్తకమున ఎక్కించుకొని, క్రింద ఆనాటి తేది వేసెను.