డ్యూటీ బూట్లు

ముప్ఫై ఒక్క ఏళ్ళు పోలీసు ఆర్మ్‌డ్ రిజర్వ్‌లో పనిచేశాను. అందులో పదకొండేళ్ళు జిల్లా పోలీస్ స్పోర్ట్స్ మీట్‌లో తాడు చివర నిలబడ్డాను. ఆ చివరివాణ్ణి యాంకర్ అంటాం. తాడును వీపు మీదుగా తెచ్చి భుజాన వేసుకుని, మడమలు నేలలో దిగేలా వెనక్కి వాలడం వాడి పని. చూసేవాళ్ళు చేతుల బలం అనుకుంటారు. కానీ తాడాట తేలేది పాదాల దగ్గర. అందుకే 1908 లండన్ ఒలింపిక్స్‌లో రేగిన బూట్ల గొడవ తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు వేడెక్కుతుంది.

అప్పట్లో ఒలింపిక్స్‌లో తాడాట కూడా ఉండేది. జట్టుకు ఎనిమిది మంది. ఆ ఏడు వచ్చిన అయిదు జట్లలో మూడు ఇంగ్లండు పోలీసులవే: సిటీ ఆఫ్ లండన్, లివర్‌పూల్, మెట్రోపాలిటన్ కె డివిజన్. అమెరికా జట్టులో ఉన్నవాళ్ళు ఇనుప గుండు, హామర్ విసిరే వస్తాదులు. మొదటి లాగులోనే లివర్‌పూల్ పోలీసులు వాళ్ళను ఈడ్చిపారేశారు. పోలీసుల బూట్లకు ఇనుప అంచులున్నాయని అమెరికన్లు ఫిర్యాదు చేశారు. రోజూ డ్యూటీకి తొడుక్కునేవే అని పోలీసులన్నారు. ఫిర్యాదు కొట్టేశారు, అమెరికన్లు తప్పుకున్నారు. మనసు నన్ను పోలీసుల వైపే లాగుతుంది. అయినా పచ్చిక మీద ఇనుప అంచు ఎంత పట్టు ఇస్తుందో తెలిసినవాణ్ణి, అమెరికన్ల కోపం ఉత్తిదని అనలేను. చివరికి స్వర్ణం సిటీ పోలీసులకు, రజతం లివర్‌పూల్‌కు, కాంస్యం కె డివిజన్‌కు. మూడూ పోలీసులకే.

గెలిచిన ఎనిమిది మందిలో నాకు ఎడ్ బారెట్ అంటే ప్రాణం. 1877లో ఐర్లండులో కెర్రీ ప్రాంతపు బాలీడఫ్‌లో పుట్టాడు. వంపు కర్రతో బంతి కొట్టే హర్లింగ్ అనే ఐరిష్ ఆటలో, లండన్ జట్టుతో 1901 ఆల్ ఐర్లండ్ ఛాంపియన్‌షిప్ గెలిచాడు. 1908లో తాడాట స్వర్ణంతో ఊరుకోక, హెవీవెయిట్ ఫ్రీస్టైల్ కుస్తీలో కాంస్యమూ పట్టాడు. ఆ కుస్తీలో మొదట నిలిచిన కాన్ ఓకెలీ కూడా ఐరిష్‌వాడే, హల్ పట్టణంలో పోలీసే. అమెరికా తాడు పట్టిన ఫ్లనగన్, మెక్‌గ్రాత్ ఐర్లండులో పుట్టి న్యూయార్క్‌లో పోలీసులైనవాళ్ళు. ఊరొదిలిన రైతు కుర్రాడికి ఎత్తూ ఒడ్డూ ఉంటే దొరికే కొలువు అది. నన్నూ ఎత్తు చూసి, ఛాతీ కొలిచే తీసుకున్నారు.

1912లో స్టాక్‌హోమ్‌లో స్వీడన్ వాళ్ళ చేతిలో ఓడి రజతంతో తిరిగొచ్చారు సిటీ పోలీసులు. తర్వాత యుద్ధం. 1920లో ఆంట్‌వెర్ప్‌లో మళ్ళీ స్వర్ణం. వాళ్ళలో హంఫ్రీస్, మిల్స్, షెపర్డ్ మూడు ఒలింపిక్స్‌లోనూ తాడు పట్టారు. ఆ మూడోసారికి హంఫ్రీస్‌కు, మిల్స్‌కు నలభై రెండేళ్ళు! నా మోకాలు ముప్ఫై తొమ్మిదికే చాలించుకుంది.

1920తో ఒలింపిక్స్ నుంచి తాడాట పోయింది. మా గ్రౌండ్‌లో మాత్రం మీట్ ఆఖరి సాయంత్రం ఇప్పటికీ తాడు తెస్తారు. పోయినేడు చూడ్డానికి వెళ్తే, కొత్త యాంకర్ కుర్రాడు మునివేళ్ళ మీద లేస్తున్నాడు. ఉండబట్టలేక గీత దాకా పరిగెత్తాను.

"మడమ దించరా, మడమ!"