వెన్ను, బెన్ను, బల్జు

బళ్లారిలో నడుము నొప్పికి రెండు భాషలు. తెలుగువాళ్ల వేప కన్నడంలో బేవు అయినట్టే వెన్ను బెన్ను అవుతుంది. నడుము సొంట అవుతుంది. ఆ ఊళ్లో చాలామందికి రెండు మాటలూ నోటికి వస్తాయి. కానీ స్కానింగ్ సెంటర్ మెట్లు దిగేటప్పుడు చేతిలో ఉండే కాగితానిది మూడో భాష. ‘ఎల్3-ఎల్4, ఎల్4-ఎల్5, ఎల్5-ఎస్1: డిఫ్యూజ్ డిస్క్ బల్జ్, ఇండెంటింగ్ ద థీకల్ శాక్’. మూడు చోట్ల ఏదో పాడైందన్నంత వరకే రోగికి అర్థమవుతుంది. ఇంటికి చేరేలోపు అది ‘మూడు పూసలు అరిగిపోయాయి’ అవుతుంది, మర్నాటికి ‘డిస్కులు జారిపోయాయి’ అవుతుంది.

ఫిల్ము పుట్టకముందు నడుము నొప్పికి ఇంత పెద్ద పేర్లు లేవు. బిందె ఎత్తబోతే కలుక్కుమంది, నడుము పట్టేసింది, అంతే. ఊళ్లో ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లు ఎవరున్నారో పెద్దలకు తెలుసు. తల బదులు కాళ్లు ముందుగా బయటికి వచ్చిన బిడ్డ పెద్దయ్యాక, పాదంతో నడుము మీద తొక్కితే పట్టు వదిలిపోతుందని నమ్మకం. పిల్లవాడైనా సరే, అతణ్ణి పిలిపించి, రోగిని బోర్లా పడుకోబెట్టి తొక్కించేవారు. తర్వాత వేడినీళ్ల కాపడం, నూనె మర్దనా. ఉన్నట్టుండి పట్టేసిన నడుము చాలామందిలో కొద్ది వారాల్లో తనంతట తానే సర్దుకుంటుంది కాబట్టి, తొక్కినవాడికి మంచి పేరే వచ్చేది. నొప్పి పిరుదు నుంచి కాలిలోకి దిగితే ఆయుర్వేదంలో దాని పేరు గృధ్రసి. గృధ్రమంటే రాబందు. ఆ నొప్పితో కుంటే మనిషి నడక రాబందు నడకలా ఉంటుందని ఆ పేరు పెట్టారు. వైద్యుడు చూసింది నడకనే. లోపల ఏముందో చూసే దారి అప్పటికి లేదు.

ఎక్స్‌రే అనే ఆ దారిని 1895లో జర్మనీలో రాంట్‌జెన్ కనిపెట్టాడు. అప్పుడు బళ్లారి మద్రాసు ప్రెసిడెన్సీలోని జిల్లా. ఆ ప్రెసిడెన్సీ రాజధానిలో ఎక్స్‌రే పరీక్షకు ప్రత్యేకంగా ఒక సంస్థ 1934లో వచ్చింది. నడిపించిన కెప్టెన్ బార్నార్డ్ పేరే దానికి నిలిచింది. తెలుగువాళ్ల వెన్నెముక వైద్య చరిత్రకెక్కడంలో ఈ బార్నార్డ్‌కూ చెయ్యుంది. అప్పటి నెల్లూరు జిల్లాలోని మెట్ట గ్రామాల్లో మనుషులు వంగలేక, మెడ తిప్పలేక కర్రల్లా బిగుసుకుపోతున్నారు. షార్ట్, మెక్‌రాబర్ట్, బార్నార్డ్, మన్నాడి నాయర్ కలిసి ఆ రోగాన్ని పరిశీలించి, 1937లో ‘ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్’లో ప్రకటించారు. ఎక్స్‌రేలో ఎముకలు సున్నపుముద్దల్లా తెల్లగా కనిపించాయి. పూసల మధ్య కట్లు కూడా గట్టిపడ్డాయి. కారణం బావినీళ్లలోని ఫ్లోరైడ్. మన దేశంలో మనుషుల్లో ఫ్లోరోసిస్‌ను గుర్తించిన తొలి నివేదికల్లో అదొకటి. ఫిల్ములో కనిపించిందీ, మనిషి పడుతున్న బాధా అక్కడ ఒకదానికొకటి సరిగ్గా అతికాయి.

డిస్కు కథ అలా జరగలేదు.

మెడ నుంచి నడుము దాకా పూసల నడుమ 23 డిస్కులుంటాయి. చుట్టూ గట్టి నార పొరలు, లోపల నీరు పట్టిన గుజ్జు. ఎక్స్‌రేకు ఎముక కనిపిస్తుంది, డిస్కు కనిపించదు. పూసల మధ్య సందు తగ్గిందని మాత్రం తెలుస్తుంది. బార్నార్డ్ సంస్థ వచ్చిన 1934లోనే అమెరికాలోని బోస్టన్‌లో మిక్స్‌టర్, బార్ అనే ఇద్దరు సర్జన్లు ఒక వ్యాసం ప్రచురించారు. అంతవరకు వెన్నులో కణితి అని తీసేస్తున్న ముక్కల్లో చాలా వరకు కణితులు కావని, బయటికి పొడుచుకొచ్చిన డిస్కు ముక్కలని తేల్చారు. కాలిలోకి దిగే నొప్పికి ఒక కారణం దొరికింది. ఆ తర్వాత కొన్ని దశాబ్దాల పాటు ప్రతి నడుము నొప్పికీ డిస్కే ముద్దాయి అయింది.

ఈలోగా బళ్లారి మ్యాపు మారింది. 1953 అక్టోబర్ 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రలో చేరాయి. బళ్లారి మైసూరుకు వెళ్లింది. గీత గీసినా దారులు ఆగలేదు. 1961లో బళ్లారిలో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. తర్వాత విమ్స్‌గా పేరుపడ్డ ఆ కళాశాల ఆసుపత్రికి అనంతపురం, కర్నూలు వైపు పల్లెల నుంచి కూడా జనం వస్తూనే ఉన్నారు. ఈ సీమ పనులన్నీ నడుము మీద పడేవే: నల్లరేగడిలో పత్తి తీత, ఆదోని మార్కెట్‌లో హమాలీ మోత, సండూరు గనులు, ఖనిజం లారీల డ్రైవింగ్, బళ్లారి జీన్స్ మిషన్ల మీద గంటల తరబడి కూర్చోవడం.

అయస్కాంతంతో పనిచేసే ఎంఆర్‌ఐ వచ్చాక డిస్కు స్పష్టంగా కళ్లబడింది. నీరున్న డిస్కు తెల్లగా మెరుస్తుంది, ఎండినది నల్లబడుతుంది. అంచులు చుట్టూ కాస్త బయటికి ఒరిగితే బల్జ్. గాలి తగ్గిన సైకిల్ టైరు నేల మీద పరుచుకున్నట్టు ఉంటుంది. నార పొర చిరిగి గుజ్జు బయటికి రావడం వేరే సంగతి, దాని పేరు ఎక్స్‌ట్రూజన్. థీకల్ శాక్ అంటే నరాల చుట్టూ ఉండే నీటి సంచి. ‘ఇండెంటింగ్’ అంటే ఆ సంచికి చిన్న నొక్కు పడిందని. నరం నలిగిపోయిందని కాదు.

మరి ఈ ఉబ్బు రోగమా? 1994లో అమెరికాలో నడుము నొప్పే లేని 98 మందికి ఎంఆర్‌ఐ తీశారు. 52 శాతం మందికి కనీసం ఒకచోట బల్జ్ ఉంది. 38 శాతం మందికి ఒకటికంటే ఎక్కువ డిస్కుల్లో తేడా కనిపించింది. 2015లో 33 అధ్యయనాలను, 3,110 మంది నొప్పిలేని మనుషుల స్కాన్లను కలిపి చూస్తే, 20 ఏళ్లవాళ్లలో 30 శాతానికి, 50 ఏళ్లవాళ్లలో 60 శాతానికి, 80 ఏళ్లవాళ్లలో 84 శాతానికి బల్జ్ ఉంది. అంటే ‘మల్టిపుల్ డిస్క్ బల్జెస్’ అన్న మాట చాలాసార్లు జుట్టు నెరిసిందన్నంత మాటే. రోగి బాధ అబద్ధమని దీనర్థం కాదు. బాధకు కారణం ఆ ఉబ్బేనని ఫిల్ము ఒక్కటే రుజువు చేయలేదు. డాక్టర్ చేతులతో కాలు ఎత్తి చూడాలి, బొటనవేలి బలం చూడాలి, స్పర్శ చూడాలి. గృధ్రసి వైద్యుడిలా నడకా చూడాలి.

ఆలస్యం చేయకూడని గుర్తులు వేరే ఉన్నాయి. మూత్రం, విరేచనం మీద పట్టు తప్పడం, కూర్చునే చోట తిమ్మిరి, కాలి బలం రోజురోజుకూ తగ్గడం కనిపిస్తే అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. విడవని జ్వరం, బరువు తగ్గడం తోడైతే వెన్ను టీబీ లాంటివి వెతకాలి.

నొప్పి లేనివాళ్లలో ఇలాంటి మార్పులు ఎంత మామూలో చెప్పే వివరణను రిపోర్టు కింద చేర్చితే ఎలా ఉంటుందని అమెరికాలో సుమారు రెండున్నర లక్షల మందితో పరీక్షించారు. 2020లో వచ్చిన ఫలితం ప్రకారం చికిత్సల మొత్తం తగ్గలేదు గానీ, డాక్టర్లు మత్తు నొప్పిమందులు రాయడం కొద్దిగా తగ్గింది. లాభం చిన్నది, ఖర్చు దాదాపు లేదు. బళ్లారిలో, ఆదోనిలో, గుంతకల్లులో, రాయదుర్గంలో స్కాన్లు తీసేవాళ్లు ఆ పని తెలుగులోనూ కన్నడంలోనూ చేయాలి. ఇంగ్లిష్ రిపోర్టు అడుగున రెండు వాక్యాలు చాలు: ‘నొప్పి లేనివాళ్లలో కూడా మీ వయసులో ఇలాంటి మార్పులు తరచుగా కనిపిస్తాయి. ఈ కాగితాన్ని మిమ్మల్ని పరీక్షించిన డాక్టర్‌కు చూపించి, మీ నొప్పికీ దీనికీ సంబంధం ఉందో లేదో అడగండి.’