చెడ్డార్ మనిషి రంగు, మన రంగు

పోస్టు కొంచెం పొడుగైంది. తీరిగ్గా చదవండి. తప్పులుంటే కింద చెప్పండి, దిద్దుకుంటాం.

పోయిన వారం మన గ్రూపులో ఒక ఫొటో తిరిగింది. నల్లటి మొహం, లేత నీలం కళ్ళు, ఉంగరాల జుట్టు. కింద "పదివేల ఏళ్ళ కిందటి ఇంగ్లండు మనిషి" అని రాసుంది. కలకడ పక్క తాండా తమ్ముడొకడు "కళ్ళ రంగు తప్పిస్తే అచ్చం మా తాతే" అని పెట్టినాడు. అందరం నవ్వుకున్నాం. ఆ తర్వాత ఒకరు "అంటే తెల్లోళ్ళు మన నుంచే పుట్టినారు" అన్నారు. ఇంకొకరు "ఇదంతా ఫేక్, ఎవరో గ్రాఫిక్స్ చేసినారు" అన్నారు. రెండూ సరైన మాటలు కావు. అందుకే మేము కొంచెం కూర్చొని చదివి ఇది రాస్తున్నాం.

ఆ ఫొటోలో ఉన్నది చెడ్డార్ మనిషి. ఇంగ్లండులో సోమర్సెట్ ప్రాంతంలో చెడ్డార్ అనే ఊరి దగ్గర గుహలో 1903లో ఒక అస్థిపంజరం దొరికింది. వయసు సుమారు పదివేల ఏళ్ళు. వందేళ్ళకు పైగా ఆయన్ను తెల్లటి మనిషిగానే ఊహించుకున్నారు. ఇంగ్లండు వాడు కదా, ఇంకెలా ఉంటాడు అనుకున్నారు. 2018లో లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియం, యూనివర్సిటీ కాలేజ్ లండన్ శాస్త్రవేత్తలు ఆయన పుర్రెలో చెవి లోపలుండే గట్టి ఎముకకు సన్నగా రంధ్రం వేసి, ఆ పొడి నుంచి డీఎన్ఏ తీసినారు. ఒళ్ళంతటిలో డీఎన్ఏ ఎక్కువ కాలం నిలిచేది ఆ ఎముకలోనే. చర్మం, కళ్ళు, జుట్టు రంగుకు సంబంధించిన జన్యువులు చూస్తే ముదురు రంగు చర్మం, నీలమో ఆకుపచ్చో కళ్ళు, నల్లటి జుట్టు అని తేలింది. దాన్ని బట్టే ఆ బొమ్మ చేసినారు. అంటే అది కెమెరా ఫొటో కాదు. ఉత్త కల్పనా కాదు. జన్యువులు చూసి వేసిన అంచనా. ఎంత నలుపు అనే దగ్గర శాస్త్రవేత్తల్లోనే వాదన ఉంది, ఇప్పటి యూరప్ వాళ్ళ తెలుపు మాత్రం కాదు.

ఆయన ఒక్కడే అయితే ఏదో పొరపాటనుకోవచ్చు. స్పెయిన్‌లో లా బ్రాన్యా గుహలో దొరికిన 7,000 ఏళ్ళ నాటి మనిషి పంటి నుంచి డీఎన్ఏ తీసి 2014లో చదివినారు. అక్కడా ముదురు చర్మం, నీలి కళ్ళు. డెన్మార్క్‌లో అయితే ఎముక కూడా దొరకలేదు. 5,700 ఏళ్ళ కింద ఎవరో నమిలి ఊసిన చెట్టు జిగురు ముద్ద దొరికింది. మనం తుమ్మజిగురు నమిలినట్టే. 2019లో దాంట్లోంచే మనిషి డీఎన్ఏ మొత్తం బయటికొచ్చింది. ఆడమనిషి, ముదురు చర్మం, నల్ల జుట్టు, నీలి కళ్ళు. ఏమి తినిందో కూడా తెలిసింది, బాతు మాంసం, హేజెల్ కాయలు.

నల్ల చర్మం, నీలి కళ్ళు కలిసిన మనుషులు ఈరోజు ఎక్కడో ఒకరు తప్ప కనపడరు. ఒకప్పుడు పడమటి యూరప్‌లో అది మామూలు రూపం. రంగు, కళ్ళు, జుట్టు, ముక్కు అన్నీ ఒకే మూటగా కట్టి 'ఇది ఫలానా జాతి' అనడం మనకు బడిలోనే అలవాటైంది. ఆ మూట ఇక్కడ విడిపోయింది. కళ్ళ రంగు ఒక దారిన, చర్మం రంగు ఇంకో దారిన వచ్చినాయి.

మరి తెలుపు ఎక్కడి నుంచి వచ్చింది? మనుషులు యూరప్‌లో అడుగుపెట్టి దాదాపు 45,000 ఏళ్ళు. చలిదేశానికి పోగానే తెల్లగా అయిపోయినారని చాలామంది అనుకుంటారు. అలా జరగలేదు. సుమారు 8,500 ఏళ్ళ కింద ఇప్పటి టర్కీ వైపు నుంచి సేద్యం చేసేవాళ్ళు యూరప్‌కు వచ్చినారు, వాళ్ళలో తెలుపు జన్యువు ఒకటి బాగా ఉండింది. స్వీడన్ వైపు వేటగాళ్ళలో కూడా 8,000 ఏళ్ళ కిందటికే తెలుపు జన్యువులు కనిపిస్తాయి. సుమారు 5,000 ఏళ్ళ కింద నల్లసముద్రం పైనున్న గడ్డిమైదానాల నుంచి పశువులు మేపేవాళ్ళు వచ్చి కలిసినారు. ఇన్ని కలిసినాక, ఎండ తక్కువున్న చోట విటమిన్ డి చాలక, తెల్ల చర్మం ఉన్నవాళ్ళకు కొంచెం మేలు జరిగి ఆ రంగు పెరిగిందని ఎక్కువమంది చెప్పే కారణం. వేటగాళ్ళకు చేపల్లో, మాంసంలో విటమిన్ డి దొరికేది, గింజలు తినేవాళ్ళకు దొరకలేదు అంటారు. 1991లో ఆల్ప్స్ మంచులో దొరికిన ఓట్జీ అనే 5,300 ఏళ్ళ మనిషి డీఎన్ఏ 2023లో మళ్ళీ చూస్తే, సేద్యగాళ్ళ సంతతే అయినా ఇప్పటి యూరప్ వాళ్ళకన్నా నల్లగా ఉన్నాడు, పైగా బట్టతల. మ్యూజియంలో పెట్టిన బొమ్మకేమో తెల్లటి ఒళ్ళు, జుట్టు, గడ్డం!

ఇక మన దగ్గరికి వద్దాం. మనం అసలు చదవాల్సింది ఈ ముక్కే.

పైన చెప్పిన తెలుపు జన్యువు పేరు ఎస్‌ఎల్‌సీ24ఏ5. దాంట్లో ఒకే ఒక్క అక్షరం మారితే చర్మం తేలిక పడుతుంది. 2005లో ముందు చిన్న చారల చేపల్లో దీన్ని పట్టినారు. మన హైదరాబాద్ సీసీఎంబీలో తంగరాజ్ గారి బృందం, ఎస్టోనియా శాస్త్రవేత్తలతో కలిసి మన దేశంలో దీన్ని వెతికి 2013లో అచ్చు వేసినారు. దక్షిణాదిలో 1,228 మంది చర్మం రంగును మిషన్‌తో కొలిచినారు. దేశమంతా 54 సమూహాల్లో 1,573 మందికి ఈ అక్షరం ఉందా లేదా చూసినారు. తేలిందేమంటే, కొందరిలో ఎక్కువ, కొందరిలో తక్కువగా ఇది దేశమంతా ఉంది. మన దగ్గర ఉన్న ఆ అక్షరం, యూరప్ వాళ్ళ అక్షరం రెండూ ఒకే పూర్వీకుడి నుంచి వచ్చినవే. వయసు 22,000 నుంచి 28,000 ఏళ్ళు. ఆ 1,228 మందిలో రంగు తేడాలకు ఈ ఒక్క అక్షరం చెప్పే కారణం 27 శాతమే. మిగతాది వేరే జన్యువులు, ఎండ, పని.

ఒకే ఇంట్లో అన్న ఎర్రగా, తమ్ముడు నల్లగా పుట్టడం మనం చూస్తూనే ఉంటాం. 'వీడు ఎవరి పోలికో' అని ముసలోళ్ళు నవ్వుతారు. ఎర్రగా ఉన్న అన్నకు ఇంగ్లండు వాడితో చుట్టరికం ఎక్కువ, తమ్ముడికి తక్కువ అని ఎవరన్నా అంటే ఒప్పుకుంటామా? ఒక్క అక్షరం చూసి వంశం చెప్పడం అలాంటిదే.

ఇది ఎందుకింత గట్టిగా చెప్తున్నామంటే, మన మొహాలు కొలిచి మన చరిత్ర రాసిన రోజులున్నాయి. మద్రాసు మ్యూజియం సూపరింటెండెంట్ ఎడ్గార్ థర్స్టన్ ఊరూరా తిరిగి తలలు, ముక్కులు కొలిచి, 1909లో దక్షిణ భారతదేశపు కులాలు, తెగల మీద ఏడు సంపుటాలు అచ్చు వేసినాడు. కలకడ కూడా అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోనే. దాంట్లో మన ఆచారాల గురించి పనికొచ్చే వివరాలు ఉన్నాయి, చదవొద్దని అనం. కానీ ముక్కు వెడల్పును బట్టి మనిషి మెట్టు నిర్ణయించే కాలం అది. అదే కాలంలో పుట్టుకతోనే నేరస్తులు అని చట్టం రాసి, లంబాడీలను, ఎరుకల వాళ్ళను పోలీసు రిజిస్టర్లలోకి ఎక్కించినారు. ఆ చట్టం పోయింది 1952లో. హాస్టల్‌లో "కర్రోడా" అని పిలిపించుకున్నవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు. సంబంధాలు చూసేటప్పుడు "పిల్ల ఎర్రగా ఉందా" అని మొదట అడిగేది మళ్ళీ మన ఇళ్ళల్లోనే.

ఇంకో వైపు తప్పు కూడా చెప్పాలి. 'నల్లగా ఉన్న మనమే అసలు స్వచ్ఛమైన మూలవాసులం, మిగతావాళ్ళంతా బయటోళ్ళు' అని మన గ్రూపుల్లో తరచూ వస్తుంటుంది. డీఎన్ఏ దీన్నీ ఒప్పుకోదు. 2003లో మన చెంచులు, కోయలను కొన్ని కులాలతో పోల్చి చూసినారు. తల్లివైపు మూలాలు చాలావరకు ఒకటే, పాతరాతియుగం నాటివి. 2013లో సీసీఎంబీ, హార్వర్డ్ కలిసి 73 సమూహాలు చూసి, ఇప్పటికి 4,200 నుంచి 1,900 ఏళ్ళ కింద వరకు దేశంలో దాదాపు అందరూ కలిసిపోయినారని చెప్పినాయి. తెగలు కూడా. ఆ తర్వాతే ఎవరి గీతలో వాళ్ళు పెళ్ళిళ్ళు చేసుకోవడం బిగుసుకుంది.

దీనివల్ల మన ఎస్టీ హోదాకు దెబ్బ అని కొందరు భయపడుతున్నారు. భయం అక్కర్లేదు. ఆ హోదా 342 అధికరణం కింద వచ్చింది, ముక్కు కొలతతోనో జన్యువుతోనో రాలేదు. కొండల్లో, తాండాల్లో మనకు జరిగిన అన్యాయానికి డీఎన్ఏ రిపోర్టు జత చేయాల్సిన పని లేదు.

ఇంకొక్క మాట. చెడ్డార్ మనిషి లాంటి బొమ్మ మన సీమ మనిషికి ఇంతవరకు లేదు. మన వేడికి ఎముకల్లో డీఎన్ఏ చెడిపోతుంది. హర్యానాలోని రాఖీగఢీలో అరవైకి పైగా నమూనాలు ప్రయత్నిస్తే ఒక్క ఆడమనిషి డీఎన్ఏ మాత్రం చదవగలిగినారు, అది 2019లో. మన గుట్టల్లో జనం పాండవ గుళ్ళు అని పిలిచే రాతి సమాధులను రాళ్ళ కోసం, గుప్తనిధుల కోసం పగలగొడుతున్నారు. ఎక్కడైనా కనపడితే ఫొటో తీసి ఇక్కడ పెట్టండి, లోపల చెయ్యి పెట్టకండి.

చెడ్డార్ ఊళ్ళో 1997లో ఇంకో పరీక్ష జరిగింది. ఆ అస్థిపంజరం తల్లివైపు డీఎన్ఏను ఊరివాళ్ళతో పోల్చితే, అక్కడి బడిలో హిస్టరీ చెప్పే ఒక అయ్యవారితో కలిసింది. పదివేల ఏళ్ళ తర్వాత, అదే ఊరు, అదే తల్లి దారి, చర్మం రంగు మాత్రం వేరే.

మొదట కామెంటు పెట్టిన తమ్ముడూ, మీ తాత ఫొటో ఉంటే పెట్టు. ఆయన ఏ తాండా నుంచి కలకడ వైపు వచ్చినాడో, ఎవరితో వచ్చినాడో ఇంట్లో అడిగి అది కూడా రాయి.