ఉష్ణోగ్రతా వక్రరేఖ – అక్షానికి పేర్లు

ప్రకృతిలో కొన్ని మార్పులు ఒకే క్రమంలో తిరిగి తిరిగి వస్తూ ఉంటాయి. పగలు పెరిగిన వేడి రాత్రికి తగ్గడం ఒక ఆవర్తనం. వేసవిలో పెరిగిన వేడి శీతకాలానికి తగ్గడం మరొకటి. అంకెల పట్టికలో ఈ ఆవర్తనం కంటికి ఆనదు. గీత గీస్తే వెంటనే కనబడుతుంది. అయితే ఆ గీత నిజం చెప్పాలంటే, అక్షం మీద ఏ పేర్లు, ఎంతెంత దూరంలో వ్రాశామన్నది ముఖ్యం.

ఈ పద్ధతికి దారి చూపినవారిలో యోహాన్ హైన్రిఖ్ లాంబర్ట్ ఒకడు. ఆయన 1777లో మరణించాడు. 1779లో వెలువడిన ఆయన గ్రంథంలో, నేలలో వేర్వేరు లోతుల వద్ద ఏడాది పొడవునా ఉష్ణోగ్రత మారే తీరు వక్రరేఖలుగా ఉన్నది. లోతు పెరిగిన కొద్దీ రేఖ ఎత్తు తగ్గుతుంది, శిఖరం ఆలస్యంగా వస్తుంది. పై పొరలో వేసవి ముగిసిన తరువాత గాని ఆ వేడి అడుగు పొరకు చేరదన్నమాట.

మన వైపు మద్రాసు వేధశాలలో 1796 నుండి వాతావరణ వివరాలను నమోదు చేయసాగారు. ఆ వేధశాలకు చెందిన టి. జి. టేలర్ వద్ద శిక్షణ పొందిన గోడే వెంకట జగ్గారావు 1840లో విశాఖపట్టణంలోని డాబాగార్డెన్స్‌లో స్వంత వేధశాలను నెలకొల్పారు. నేటి విజయనగరం అప్పుడు విశాఖపట్టణం జిల్లాలోనిదే. 1856లో ఆయన మరణించగా, అల్లుడు అంకితం వెంకట నరసింగరావు ఆ పనిని కొనసాగించారు. అక్కడ గ్రహగోళాలతోపాటు వాతావరణాన్ని కూడా పరిశీలించేవారు.

ఇటువంటి కొలతలను గ్రాఫు మీద ఎక్కించేటప్పుడు ఒక పొరపాటుకు అవకాశం ఉన్నది. ఒకనాడు ఉదయం 6 గంటలకు 26, 10 గంటలకు 30, సాయంత్రం 4 గంటలకు 33 డిగ్రీల సెంటిగ్రేడు ఉన్నదనుకుందాం. మొదట గంటకు ఒక డిగ్రీ, తరువాత అర డిగ్రీ చొప్పున వేడి పెరిగింది. మూడు గుర్తులనూ సమాన దూరంలో పెడితే రెండు వాలులకూ తేడా స్వల్పమే అనిపిస్తుంది. నిజానికి మొదటి వాలు రెండవదానికి రెట్టింపు. కనుక పేరు ఏదైనా పెట్టవచ్చును గాని, దాని స్థానాన్ని కాలమే నిర్ణయించాలి.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల రైతులు ఏడాదిని కార్తెలతో లెక్కించుకుంటారు. ఇవి ఇరవై ఏడు. ఒక్కొక్కటి పదమూడు, పద్నాలుగు రోజులు. అడ్డు అక్షం మీద నెలలకు బదులు ఈ పేర్లను, అవి ప్రవేశించే తేదీల వద్ద వ్రాయవచ్చును. మే చివర ప్రవేశించే రోహిణికి రోళ్ళు పగులుతాయన్న మాట ఎంతవరకు నిజమో, మృగశిరతో వేడి ఎంత తగ్గుతుందో అప్పుడు గీతే చెబుతుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. కార్తెలు నక్షత్రాలను బట్టి, ఋతువులు సూర్యుని అయనాన్ని బట్టి నడుస్తాయి. ఈ రెండు సంవత్సరాల నిడివిలో సుమారు ఇరవై నిమిషాల తేడా ఉన్నది. జగ్గారావు వేధశాల వెలసిన నాటి రోహిణి కంటే నేటి రోహిణి ఋతువును బట్టి రెండు మూడు రోజులు వెనుకగా వస్తుంది. అందుచేత కార్తె పేరు క్రింద తేదీని కూడా వ్రాయాలి.

పాఠశాలలో ఒక ఉష్ణమాపకం, ఒక గళ్ళ కాగితం ఉంటే విద్యార్థులు ఒక్క ఏడాదిలో ఈ గీతను తామే గీయవచ్చును. తరతరాలుగా వింటున్న మాటను కొలిచి చూడడమే విజ్ఞానానికి తొలిమెట్టు.